మా బావ డ్రైవింగ్ స్కూలు, మా అక్క వెనక సీటు

ఇంగ్లండులో లీసెస్టర్ పక్కనున్న మా చిన్న ఊరి లైబ్రరీలో స్థానిక చరిత్రకు ఒక అర కేటాయించారు. ఆ అరలో ఉన్న పుస్తకాలన్నీ నేను చదివాను. గొప్ప కోసం చెప్పడం లేదు, గొప్ప కోసం చెప్పినా తప్పు లేదు. ఇంటర్ తప్పి, లీసెస్టర్‌లో ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే మనిషి ఇంగ్లీషు జీవితచరిత్రలు చదివి అర్థం చేసుకోవడం చిన్న సంగతేమీ కాదు. ఆ అరలో బీరు కాచి అమ్మిన ఒకాయన ఉన్నాడు. మేజోళ్ళ ఫ్యాక్టరీ పెట్టిన ఒకాయన ఉన్నాడు. గుర్రాలకు వైద్యం చేసిన ఒకాయన ఉన్నాడు. ముగ్గురూ స్వయంకృషితో పైకొచ్చారు, ముగ్గురూ ఊరికి ఉపకారం చేశారు, ముగ్గురూ భార్యను ప్రాణంగా చూసుకున్నారు. ఆ భార్యలేమనుకున్నారో మాత్రం ఏ పేజీలోనూ దొరకలేదు.

మా బావ కూడా ఈ ఊళ్ళో వ్యాపారం చేసినవాడే. పోయిన ఏడాది గుండెపోటుతో పోయాడు. మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో జ్ఞాపకార్థ కూడిక పెట్టి ఆయన జీవితచరిత్ర చదివారు. రెండు పేజీలు. అందులో ఆయన వినయశీలి అని ఉంది. పక్కన కూర్చున్న మా అక్క అప్పటిదాకా కళ్ళు తుడుచుకుంటున్నదల్లా ఆ మాట దగ్గర ఆగి, ఎవరి గురించి చదువుతున్నారా అన్నట్టు తలెత్తి చూసింది. ఇంకో నాలుగేళ్ళు ఎవరూ నోరెత్తకపోతే ఆ రెండు పేజీలే చరిత్ర అయి కూర్చుంటాయి. అందుకే ఇది రాస్తున్నాను. బావను బతికుండగా ముఖం మీదే ఎగతాళి చేశాను. బావమరిదిగా అది నా హక్కు. పోయాడు కదా అని ఇప్పుడు మర్యాదగా రాస్తే, "ఏరా బామ్మర్దీ, ఒంట్లో బాగాలేదా?" అంటాడు.

మా బావ డ్రైవింగ్ స్కూలు నడిపాడు. స్కూలంటే ఒక కారు, ఒక మనిషి. ఆ మనిషి ఆయనే. స్కూలుకి తన పేరూ దేవుడి పేరూ కలిపి పెట్టుకున్నాడు. కారు తలుపు మీద తన పేరు జానెడు అక్షరాల్లో ఉండేది, దేవుడి పేరు దాని కింద, దగ్గరికెళితే కనిపించేది. చుట్టుపక్కల ఉన్న తెలుగు నర్సులు, ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోముల్లో పనిచేసేవాళ్ళు, లీసెస్టర్‌లో మాస్టర్స్ చదవడానికొచ్చిన పిల్లలు, అందరూ ఆయన దగ్గరే నేర్చుకున్నారు. నేనూ అక్కడే నేర్చుకున్నాను. తెలుగులో తిట్లు తింటూ నేర్చుకుంటే తొందరగా వస్తుందని మా నమ్మకం. ఆయన మంత్రం ఒకటే: "అద్దం, ఇండికేటర్, భుజం." అద్దంలో చూడు, ఇండికేటర్ వెయ్యి, భుజం మీదుగా తిరిగి చూడు. నిద్రలో లేపి అడిగినా చెప్పాలి.

ఇంట్లో ముందు గదిని ఆఫీసు అనేవాడు. ఒక గోడంతా టెస్టు పాసైనవాళ్ళ ఫొటోలు. ప్రతి ఫొటోలో ఒకరు కాగితం పట్టుకుని నవ్వుతుంటారు, పక్కనే బావ వాళ్ళకంటే ఎక్కువ నవ్వుతుంటాడు. తప్పినవాళ్ళ ఫొటోలు లేవు. ఎవరైనా పాసైతే "నా ట్రైనింగ్" అనేవాడు. తప్పితే "దేవుడి చిత్తం" అనేవాడు. పని ఇలా పంచుకున్నారు ఇద్దరూ.

టెస్టుకి వెళ్ళే ముందు బావ కారు బానెట్ మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసేవాడు. విన్నపంలా ఉండేది కాదు, ఆర్డరిచ్చినట్టు ఉండేది. "తండ్రీ, ఈ బిడ్డను పాస్ చేయించు. మొదటిసారే పాస్ చేయించు. ఆమేన్." నమ్మకం లేని పిల్లలు కూడా కళ్ళు మూసుకునేవాళ్ళు. టెస్టు రోజు ఎవరితోనూ తగువు పెట్టుకోకూడదు కదా.

ఇక ఆయన కుటుంబ జీవితం. రెండు పేజీల్లో "కుటుంబమే ఆయన ప్రపంచం" అని చదివారు. నిజమే. ఆ ప్రపంచాన్ని నడిపింది మాత్రం నేర్చుకునే పిల్లలు. బావ పాఠం ఎప్పుడూ ఉత్తినే ఊరు చుట్టి రాదు. ఎడమవైపు మలుపు నేర్పాలంటే మా మేనకోడల్ని స్కూల్లో దింపాలి. కొండెక్కేటప్పుడు కారు వెనక్కి జారకుండా ఆపడం నేర్పాలంటే, కొండ మీదున్న కేర్ హోము నుంచి మా అక్కను ఇంటికి తేవాలి. రివర్స్ పార్కింగ్ అయితే చికెన్ షాపు ముందే. శనివారం ఎవరికైనా రివర్స్ పార్కింగ్ పాఠం ఉందంటే ఆదివారం మా అక్క ఇంట్లో కోడికూర ఉందని అర్థం. ఫెలోషిప్ కుర్చీలు మోయించడానికి కూడా ఒక పాఠం ఉండేది, "బరువుతో బ్రేకు ఎలా పడుతుందో తెలియాలి" అని.

మా మేనకోడలు ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. స్కూలు గేటు ముందు కారు మూడుసార్లు ఆగిపోయిన రోజు దిగుతూ అంది: "డాడ్, ప్లీజ్, రేపు బస్."

"బస్సెందుకమ్మా, నేనున్నాగా," అన్నాడు బావ.

ఈ "నేనున్నాగా" అన్న మాట దగ్గరే మా అక్క కథ మొదలవుతుంది.

అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. తెనాలిలో సైకిల్ తొక్కుతూ స్కూటర్లను దాటిపోయేది. అలాంటి మనిషి ఇక్కడికొచ్చి ఏళ్ళ తరబడి వెనక సీట్లో కూర్చుంది. డ్యూటీ దిగాక కేర్ హోము కార్ పార్క్‌లో వానలో నిలబడేది. బావ కారు అరగంట ఆలస్యంగా, కుంటుతూ, ఆగుతూ, ఎవరో ఒక కొత్త పిల్ల చేతిలో వచ్చేది. అక్క తడికోటుతో వెనక ఎక్కేది. ఊరందరికీ నేర్పిన మనిషి భార్యకు ఎందుకు నేర్పలేదని అడిగితే, బావ దగ్గర రుతువుకొక కారణం ఉండేది. చలికాలం రోడ్డు జారుతుంది. వసంతంలో స్టూడెంట్స్ టెస్టులు. ఎండాకాలం ఇండియా ప్రయాణం. ఆకులు రాలే కాలంలో, ఆకులు. డ్రైవింగ్ టెస్టుకి ముందు రాయాల్సిన థియరీ పరీక్ష అక్క రాసి పాసైంది కూడా. అది రెండేళ్ళే పనికొస్తుంది. "ఈ ఎండాకాలం మొదలుపెడదాం" అంటూ రెండు ఎండాకాలాలు గడిపేశాడు, దాని గడువు తీరిపోయింది. అక్క మళ్ళీ రాసి మళ్ళీ పాసైంది. ఆ సంగతి బావకు చెప్పలేదు, నాకు చెప్పింది.

ఒక నవంబరులో అక్క కంపెనీ మేనేజరు ఆమెను పిలిచింది. ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళను చూసుకునే పనిలో సీనియర్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. డ్యూటీల రోటా తనే వేసుకోవచ్చు. ఆదివారాలు సెలవు. పొద్దున అమ్మాయిని తనే స్కూల్లో దింపుకోవచ్చు. ఒక్కటే షరతు, డ్రైవింగ్ లైసెన్సు ఉండాలి. మార్చి నెలాఖరు దాకా పోస్టు ఆపుతాననీ, ఆ తరువాత వేరేవాళ్ళకు ఇస్తాననీ చెప్పింది. ఇక్కడికొచ్చిన పన్నెండేళ్ళలో అక్కను ఎవరైనా ఏదైనా కావాలా అని అడగడం అదే మొదలు.

ఆ సాయంత్రం కారులో నేనూ ఉన్నాను. స్టీరింగు దగ్గర వరంగల్ నుంచి చదువుకోవడానికొచ్చిన ఒక అమ్మాయి. పక్కన బావ. వెనక అక్కా నేనూ. అక్క సంగతంతా చెప్పి, "ఏవండీ, మరి నాకెప్పుడు మొదలుపెడతారు?" అంది.

"సెకండ్ గేర్," అన్నాడు బావ.

"నన్నా?"

"నిన్ను కాదే, ఈ అమ్మాయిని. సెకండ్, సెకండ్. నీకిప్పుడు ఆ తిరుగుడు ఉద్యోగం ఎందుకూ? నేను దింపుతున్నాగా. క్లచ్, అమ్మా, క్లచ్!"

"మార్చిలోపు లైసెన్సు రావాలంట."

"మార్చా? మార్చిలో ఎంతమందికి టెస్టులున్నాయో తెలుసా నీకు? అద్దం! అయినా నీకు రౌండబౌట్ అంటే దడ. ఒకసారి పక్కన కూర్చోబెడితేనే కళ్ళు మూసుకున్నావు."

"అప్పుడు మీరు నడుపుతున్నారు కాబట్టి మూసుకున్నా."

నేను నవ్వాను. వరంగల్ అమ్మాయి కూడా నవ్వబోయి, ఎదురుగా నాలుగు రోడ్లు కలిసే గుండ్రటి రౌండబౌట్ చూసి ఆపుకుంది. "అంకుల్, నా క్లాసు ఒకటి ఆంటీకి ఇయ్యుండ్రి. నాకేం తొందర లేదు," అంది.

"నువ్వు రోడ్డు చూడమ్మా! భుజం, భుజం!" అన్నాడు బావ. కారు రౌండబౌట్ మధ్యలో ఆగిపోయింది. మా వెనక నాలుగు హారన్లు మోగాయి. "చూశావా," అని వెనక్కి తిరిగి అక్కతో అన్నాడు, ఆపింది అక్కే అయినట్టు. "ఇది నీ వల్ల కాదే."

 దిగాక అక్క నాతో ఒక్క మాటే అంది: "ఒరేయ్, నువ్వు రోజూ ఆ లైబ్రరీకి పోతావుగా. ఏదైనా పనికొచ్చే పని చెయ్యి."

చేశాను. లైబ్రరీ నోటీసు బోర్డు మీద కుక్కల్ని నడిపించేవాళ్ళ కార్డుకీ, పియానో పాఠాల కార్డుకీ మధ్య ఒక డ్రైవింగ్ టీచర్ కార్డు ఉంది. ఆవిడ ఎవరో నాకు తెలుసు, ఊళ్ళో అందరికీ తెలుసు. స్కూల్లో ఆటల టీచర్‌గా రిటైరైన ఇంగ్లీషావిడ. కత్తిరించిన తెల్లజుట్టు, ఎప్పుడూ ఒకటే నీలం జాకెట్టు. బావకు ఈ ఊళ్ళో ఉన్న ఏకైక శత్రువు. "ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళకి కారు ముందుకే పోద్ది, వెనక్కి రాదు" అని ఆయన ప్రచారం. ఆవిడ బావ గురించి ఏ ప్రచారమూ చేయలేదు. అది బావకు ఇంకా కోపం.

గురువారం ఉదయం బావ లీసెస్టర్ పిల్లల కోసం వెళ్ళిపోతాడు. కాబట్టి పాఠాలు గురువారం. ఎక్కడికని అడిగితే ఏం చెప్పాలన్నది చిక్కు. అక్క అబద్ధం ఆడదు. రెండు రోజులు ఆలోచించి, "గురువారం స్త్రీల ప్రార్థన ఉంది" అని బావకు చెప్పింది. మాట ప్రకారం ప్రతి గురువారం కారులో కూర్చోగానే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. ఆ టీచరమ్మ పాపం టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని ఆగేది. ఇద్దరు స్త్రీలు, ఒక ప్రార్థన. లోపం ఎక్కడుందో పాస్టరుగారు కూడా చెప్పలేరు.

మొదటి రోజు తోడుగా నన్ను రమ్మంది. టీచరమ్మ కారు వచ్చి ఆగింది. అక్క గబగబా వెళ్ళి, వెనక తలుపు తీసుకుని, వెనక సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుంది. నేను రెండో పక్క నుంచి ఎక్కాను. ముందు స్టీరింగు దగ్గర ఎవరూ లేరు. టీచరమ్మ అప్పటికే ఎడమ సీట్లోకి మారి, ఆ ఖాళీని చూసింది. తరువాత వెనక్కి తిరిగి, "ముందుకి రా, మి డక్. నడపాల్సింది నువ్వే," అంది. మా వైపు ఇంగ్లీషువాళ్ళు ఎవరినైనా ప్రేమగా పిలవాలంటే బాతూ అంటారు. అక్కకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. దిగి ముందుకెళ్ళింది.

ఒక్కసారి కూర్చున్నాక మాత్రం టీచరమ్మకు పెద్దగా పని లేకపోయింది. పన్నెండేళ్ళు వెనక సీట్లో కూర్చుని అక్క ఊరందరి పాఠాలూ విన్నది. ఎక్కడ ఎవరు తప్పు చేస్తారో, ఏ మలుపు దగ్గర సైకిళ్ళు వస్తాయో, ఏ సిగ్నలు ఎంతసేపు ఆగుతుందో అన్నీ తెలుసు. కాళ్ళకు మాత్రమే నేర్పాలి. లేన్ మారాల్సి వచ్చినప్పుడల్లా "అద్దం, ఇండికేటర్, భుజం" అని గట్టిగా అరిచేది. మొదటిసారి టీచరమ్మ ఉలిక్కిపడి బ్రేకు తొక్కింది. మూడో వారానికి ఆవిడే అక్కకంటే ముందు "బుజం!" అనడం మొదలుపెట్టింది.

కుదరనిది ఒక్కటే, రౌండబౌట్. దాని దగ్గరికి రాగానే అక్క బ్రేకు తొక్కేసేది. సందు దొరికినా కదిలేది కాదు. నేను లైబ్రరీలో రోడ్ల చరిత్ర మీద లావుపాటి పుస్తకం ఒకటి తెచ్చి, రౌండబౌట్ల వల్ల ఎంత సుఖమో అక్కకు వివరించాను. "నువ్వు నోరు మూసుకుంటే ఇంకా సుఖం," అంది. నేను మూసుకున్నాను. చదువుకున్నవాడికి అప్పుడప్పుడు ఇలాంటి కష్టాలు తప్పవు.

టెస్టు తేదీలు ఇక్కడ నెలల తరబడి దొరకవు. ఎవరో వదులుకున్న ఒక తేదీని టీచరమ్మ పట్టేసింది. మార్చి మూడో వారం, ఉదయం పది దాటాక. అదొక్కటే అవకాశం. తప్పితే నెలాఖరులోపు ఇంకోటి రాదు. పోస్టు పోతుంది.

ఆ రోజు సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. పక్క ఊళ్ళో టెస్టు సెంటర్ ముందుకు అక్కే నడుపుకుంటూ వచ్చింది. కార్ పార్క్‌లోకి తిరగగానే చూశాం: జానెడు అక్షరాల మా బావ పేరు, తళతళలాడుతూ.

"అయ్యో," అన్నాను నేను. "అక్కా, ఇంకో చుట్టు తిరిగి..."

"టైము లేదురా," అంది. సరిగ్గా బావ కారు పక్కనే, గీతల మధ్య, వంకర లేకుండా ఆపింది.

లోపల చిన్న గది. ప్లాస్టిక్ కుర్చీలు. బావ వరంగల్ అమ్మాయి పక్కన కూర్చుని, "ఎగ్జామినర్‌తో వాన గురించి ఒక్క ముక్క మాట్లాడు, రెండోది వద్దు," అని చెబుతున్నాడు. తలెత్తి అక్కను చూశాడు. ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది.

"ఏమైంది? పాపకేమైనా అయిందా?"

"ఎవరికీ ఏం కాలేదండీ. టెస్టుకొచ్చాను."

"ఎవరి టెస్టుకి?"

"నా టెస్టుకే."

బావ నన్ను చూశాడు. నేను గోడ మీది పోస్టరును చూశాను. అప్పుడు తలుపు తోసుకుని టీచరమ్మ వచ్చింది. "మార్నింగ్," అంది హాయిగా. బావ ఆ నీలం జాకెట్టు చూసి, అక్కను చూసి, మళ్ళీ జాకెట్టు చూశాడు. ఇంట్లో దొంగ పడ్డా అంత ఆశ్చర్యపోయేవాడు కాదు.

"ఈవిడ దగ్గరా?" అన్నాడు తెలుగులో. "ఊరంతా ఏమనుకుంటుందే? ఫలానా ఆయన భార్య ఈవిడ దగ్గర నేర్చుకుందంటే నా స్కూలు ఏం కావాలి?"

"మీ స్కూల్లో సీటు అడిగాను. వెనకది ఇచ్చారు," అంది అక్క. గొంతు పెంచలేదు.

"గురువారం ప్రార్థన అన్నావే!"

"ప్రార్థన చేసే కదిలించాను, ప్రతిసారీ. ఆవిణ్ణే అడగండి."

వరంగల్ అమ్మాయి ఇటూ అటూ చూసి, "అంకుల్, టైమైతాంది. ముందు నా ప్రార్థన చెయ్యుండ్రి, తర్వాత కొట్లాడుకోండ్రి," అంది. అందరం బయటికొచ్చాం. బావ తన కారు బానెట్ మీద చెయ్యిపెట్టి, ఎప్పటిలాగే ఆర్డరిచ్చాడు. "తండ్రీ, ఈ బిడ్డను పాస్ చేయించు. మొదటిసారే పాస్ చేయించు. ఆమేన్."

చెయ్యి తీశాడు. పక్కనే శత్రువు కారు. దాని ముందు మా అక్క, తల వంచుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ నిలబడినట్టే.  బావ రెండడుగులు వేసి, ఆ బానెట్ మీద చెయ్యి పెట్టాడు. వేడి పెనం మీద పెట్టినట్టు పెట్టాడు.

"తండ్రీ," అన్నాడు.  "నీ చిత్తమైనట్టు జరిగించు..."

అక్క కళ్ళు తెరిచింది. "ఏమిటీ?"

"ప్రార్థనలో మాట్లాడకూడదే."

"చిత్తం సంగతి ఆయన చూసుకుంటాడు. మీరు అందరికీ అడిగింది నాకూ అడగండి."

 నేను ఇంతవరకు చదివిన ఏ పెద్దమనిషి జీవితచరిత్రలోనూ ఇలాంటి నిమిషం లేదు. ఉన్నా రాసి ఉండరు. చివరికి ఆయన, పక్కింటివాళ్ళ పార్సిలుకి సంతకం పెడుతున్నట్టు, నేల చూస్తూ గొణిగాడు: "పాస్ చేయించు తండ్రీ."

"మొదటిసారే," అంది అక్క.

"మొదటిసారే."

"ఆమేన్!" అని వరంగల్ అమ్మాయి అందరికంటే గట్టిగా అంది.

ఎగ్జామినర్లు వచ్చి ఇద్దరినీ తీసుకెళ్ళారు. గదిలో మేం ముగ్గురం మిగిలాం. నలభై నిమిషాలు. బావ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని గడియారం చూస్తున్నాడు. కాసేపటికి ఉండబట్టలేక టీచరమ్మను అడిగాడు, ఇంగ్లీషులో, "క్లచ్ ఎలా ఉంది?"

"మెత్తగా ఉంది. మీకంటే మెత్తగా, మి డక్."

"రివర్స్?"

"చాలా బాగుంది. చికెన్ షాపు ముందు పెట్టమంటే కళ్ళు మూసుకుని పెడుతుంది."

బావ కొంచెం తేరుకున్నాడు. "నా కారులో వినీ వినీ నేర్చుకుంది, తెలుసా. అద్దం, ఇండికేటర్, భుజం. అది నాది."

"తెలుసు," అంది ఆవిడ. "భయం కూడా వినే నేర్చుకుంది. రౌండబౌట్ నీ వల్ల కాదని ఎవరో చెప్పారట ఆమెకు. అది వదిలించడానికే సగం పాఠాలు సరిపోయాయి." ఆవిడ ఇది కోపంగా అనలేదు. మామూలుగా, టైర్లలో గాలి తక్కువుందని చెప్పినట్టు చెప్పింది.

బావ మళ్ళీ గడియారం చూశాడు.  

ముందు వరంగల్ అమ్మాయి వచ్చింది. రౌండబౌట్‌లో తప్పు లేన్ పట్టిందట. "దేవుడి చిత్తం అంకుల్, నాకెర్కే," అని బావ అనకముందే తనే అనేసి, ఏడుస్తూ నవ్వింది.

అక్క కారు వచ్చి ఆగింది. ఎగ్జామినర్ ఏదో రాస్తున్నాడు. అక్క ముఖం కదలడం లేదు. బావ నాకంటే ముందు, టీచరమ్మకంటే ముందు పరిగెత్తాడు. తలుపు తెరుచుకుంది. అక్క కాగితం పట్టుకుని దిగింది.

"రౌండబౌట్?" అన్నాడు బావ.

"మూడు వచ్చినయ్యండీ," అంది అక్క. "మూడూ దాటాను."

అప్పుడు బావ ముఖంలో నిజంగా సంతోషం కనిపించింది. ఇది ఒప్పుకోవాలి, కానీ ఎక్కువసేపు ఒప్పుకోనక్కర్లేదు. మరుక్షణం జేబులోంచి ఫోను తీసి, అక్క పక్కన నిలబడి, నవ్వు పెట్టి, నా చేతికిచ్చి "తియ్యరా, కారు మీద పేరు కనబడేట్టు" అన్నాడు. తన కారు మీది పేరు. టీచరమ్మ నవ్వుతూ పక్కకు తప్పుకుంది. అక్క ఆవిణ్ణి చెయ్యిపట్టి లాగి మధ్యలో నిలబెట్టింది. నేను ముగ్గురినీ తీశాను. కారు పేరు రాకుండా తీశాను.

"ఎక్కు, ఇంటికెళదాం," అన్నాడు బావ తన కారు వెనక తలుపు తీస్తూ. అలవాటు.

"మీరు ఆ అమ్మాయిని దింపండి, ఏడుస్తోంది. నేను మేనేజర్‌కి కాగితం చూపించాలి, ఇవాళే," అంది అక్క. టీచరమ్మను ఎక్కించుకుని, ఆవిడ కారులో స్టీరింగు దగ్గర కూర్చుని వెళ్ళిపోయింది. నన్ను కూడా అక్కడే మరిచిపోయింది. నేను బావ కారులో, అక్క సీట్లో కూర్చుని వచ్చాను. ఆ సీట్లోంచి రోడ్డు సరిగా కనిపించదు. బావ తల వెనక భాగమే కనిపిస్తుంది.

ఆ పోస్టు అక్కకే వచ్చింది. తరువాతి ఆదివారం బావ ఫెలోషిప్‌లో లేచి సాక్ష్యం చెప్పాడు, దేవుడు తన ద్వారా తన ఇంట్లో చేసిన కార్యం గురించి. టీచరమ్మ ప్రస్తావన రాలేదు. ఆవిడ మాలాగే ప్రొటెస్టెంటే అయినా రాలేదు. ముందు గది గోడ మీద అక్క ఫొటో వెలిసింది, టీచరమ్మను కత్తిరించి. అక్క తీసేసింది. బావ మళ్ళీ పెట్టాడు. అక్క తీసేసి అక్కడ క్యాలెండరు తగిలించింది.

అసలు దెబ్బ వ్యాపారానికి తగిలింది. అక్క పాత చిన్న కారు ఒకటి కొనుక్కుంది. అమ్మాయిని స్కూలుకి తనే దింపేది, చికెన్ తనే తెచ్చేది, ఫెలోషిప్ కుర్చీలు కూడా తనే మోసేది. బావకు పాఠాలకు దారులు లేకుండా పోయాయి. రివర్స్ పార్కింగ్ ఎక్కడ నేర్పాలో తోచక నన్ను ఫోను చేసి అడిగాడు. ఊళ్ళో పార్కింగు స్థలాల చరిత్ర గురించి లైబ్రరీలో చదివింది చెప్పబోతే ఫోను పెట్టేశాడు.

అక్క కారులో ఎక్కాల్సి వస్తే ముందు ఎడమవైపు కూర్చునేవాడు. నేర్పేవాళ్ళ కార్లలో ఆ పక్కన కూడా ఒక బ్రేకు ఉంటుంది. అక్క కారులో లేదు. అయినా ఆయన కుడికాలు ప్రతి సిగ్నలు దగ్గరా నేలను తొక్కేది. అక్క నవ్వేది కాదు. నాలుగేళ్ళకు అక్కడి మ్యాట్ అరిగి చిల్లు పడింది. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు అంబులెన్సు వెనక అక్క తన కారులోనే వెళ్ళింది, ఆ పక్క సీటు ఖాళీగా. ఈ మధ్య కారు సర్వీసుకిస్తే గ్యారేజీవాళ్ళు కొత్త మ్యాట్ వేస్తామన్నారు. వద్దంది. 

ఇది రాయడంలో సాయపడ్డవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పడం మర్యాద. వాళ్ళ పేర్లు రాయాలనే అనుకున్నాను. అక్క ఒప్పుకోలేదు, "రేపు మళ్ళీ వాళ్ళ ముఖాలు చూడాలిరా" అంది. కాబట్టి ఎవరు ఎవరో వాళ్ళకే తెలుస్తుంది. ఆ రోజు మాటలన్నీ సరిచూసి ఇచ్చిన వరంగల్ అమ్మాయికి, ఆమె మూడోసారి పాసైంది, ఆ మూడోసారి ప్రార్థన తనే చేసుకుంది. తన గురించి రాస్తున్నానంటే "నా జాకెట్టు నీలం కాదు, ఆకుపచ్చ" అని వాదించిన టీచరమ్మకు, అది నీలమే. తెలుగు చదవడం రాదు కాబట్టి ఏ అభ్యంతరమూ చెప్పని మా మేనకోడలికి. రెండు పేజీల జీవితచరిత్ర రాసిన పెద్దలకు, వాళ్ళు అంత బాగా రాయకపోతే నేను కలం పట్టేవాణ్ణి కాదు.

చివరగా మా అక్కకు. రాసినదంతా ఇస్తే, ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య రోడ్డు పక్కన కారు ఆపుకుని చదివింది. నేను పక్క సీట్లో, చిల్లు మీద కాళ్ళు పెట్టకుండా కూర్చున్నాను. బావను నేను పొగిడిన రెండు వాక్యాలు కొట్టేసింది. వెక్కిరించినవన్నీ ఉంచింది. ఆఖరి పేజీ దగ్గర గడియారం చూసి కాగితాలు నా ఒళ్ళో పడేసింది. "మిగతాది తర్వాత చూస్తాలేరా. అవతలి ఇంటి ముసలావిడ టీ కోసం కిటికీ దగ్గర కూర్చునుంటది. దిగు, ఇక్కణ్ణుంచి నీకు బస్సుంది," అంది. నేను దిగాను.